హార్మోనియానికి పడ్డ చిల్లు

శుక్రవారం పొద్దున్న జోసఫ్ రాజు పెట్టుకున్న పని ఒకే ఒక్కటి. చర్చి హార్మోనియాన్ని మార్కెట్ వీధిలో సోములు కొట్టుకి మోసుకెళ్ళి, దాని గాలి తిత్తికి పడ్డ చిల్లు మూయించి, ఆదివారం ఆరాధన వేళకి తిరిగి తెచ్చి కృపాజ్యోతి ముందు పెట్టాలి. అంతే. ఇందులో తలకిందులు కావడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. జోసఫ్ రాజు కూడా అలాగే అనుకుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హార్మోనియాన్ని పసిపిల్లలా ఎత్తుకుని బయల్దేరాడు.

మన్యం కొండల మీంచి దిగిన మంచు ఇంకా నర్సీపట్నం వీధులు వదిలి వెళ్ళలేదు. ఎక్కడి నుంచో జీడిమామిడి పూత వాసన వచ్చి టీ కొట్ల పొగలో కలుస్తోంది. ఇలాంటి పొద్దుల్లో జోసఫ్ రాజు కాళ్ళు నేల మీద ఉండవు. అసలు మామూలు పొద్దుల్లోనూ అంతంతమాత్రమే. అతను బోర్డులు రాసే ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చి ఊళ్ళో కుంచెలన్నీ ఎండిపోయినా, అతని కుంచె మాత్రం ఇంకా తడిగానే ఉంది. ఏ బోర్డు రాసినా చివర మూలలో ఒక సూర్యోదయం, కొన్ని నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక హంస ఉండి తీరాలి. ఎరువుల కొట్టుకీ హంసే, పళ్ళ డాక్టరుకీ హంసే. "పళ్ళాసుపత్రికి హంసేటి రాజూ?" అని డాక్టరు గారు అడిగితే, "నొప్పితో వచ్చినోడికి కళ్ళైనా సల్లబడాలి కదండీ," అన్నాడు.

భార్య పోయి చాలా ఏళ్ళయింది. వయసు యాభై దాటింది. ఈమధ్య రెండేళ్ళుగా అతని వారమంతా ఆదివారం కోసమే ఉంది. ఆదివారం కృపాజ్యోతి హార్మోనియం వాయిస్తుంది. ఆవిడ నాతవరం ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. నవ్వు వస్తే నవ్వదు, కళ్ళజోడు పైకి తోసుకుంటుంది. ఆ సైగకి అర్థం అదేనని కనిపెట్టినవాడు లోకంలో తనొక్కడేనని జోసఫ్ రాజుకి గొప్ప. ఆవిడతో మాత్రం ఇంతవరకూ "ఫ్యాను వేయమంటారాండీ" కన్నా పెద్ద మాట మాట్లాడలేదు. మాట్లాడి, ఆవిడ కాదంటే? ఆవిడ ముందు మళ్ళీ మొహం పెట్టుకుని కూర్చోగలడా? ఇక తనకి ఆదివారం అనేదే ఉండదు. వారానికి ఆరు రోజులతో మనిషి ఎలా బతుకుతాడు?

అందుకని పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం చెయ్యకూడని పని ఒకటి చేశాడు. జంటస్వరం అని, రెండో పెళ్ళి వాళ్ళకి సంబంధాలు కుదిర్చే కంపెనీ. ఫోన్‌లో దాని యాప్ వేసుకుని వివరాలు నింపాడు. ఎటువంటి భాగస్వామి కావాలో మనసు విప్పి రాయమని అందులో అడిగారు. అంతకుముందు అతన్ని మనసు విప్పమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పాపం, విప్పేశాడు. వయసు నలభై నాలుగు ఉండాలి. నర్సు అయితే మంచిది. నాతవరం వైపు పనిచేస్తే ఇంకా మంచిది. హార్మోనియం వచ్చి ఉండాలి. నవ్వొస్తే కళ్ళజోడు పైకి తోసుకోవాలి. ఆదివారాలు ఆకుపచ్చ అంచు తెల్లచీర కట్టాలి. చర్చి పిక్నిక్‌లో చేసినట్టు జీడిపప్పు దండిగా వేసి ఉప్మా చెయ్యాలి. ఇలా రాస్తూ రాస్తూ, కిటికీలోంచి వాన చూస్తూ ఉండిపోయాడు. అన్నం మాడిన వాసన వచ్చాకే ఈ లోకంలో పడ్డాడు. ఆ తర్వాత యాప్ మొహం చూడలేదు. రాసుకున్నందుకే సగం పెళ్ళి అయినంత తృప్తి కలిగింది మరి.

అబీద్ సెంటర్ దాటుతుండగా జేబులో ఫోన్ కుయ్యిమంది. హార్మోనియాన్ని ఒక అరుగు మీద దించాడు. చిల్లు తిత్తి కదా, దించినప్పుడల్లా అది ముసలి గేదెలా "హుఁ...మ్మ్" అని మూలుగుతుంది. మెసేజ్ జంటస్వరం నుంచి.

"ప్రియమైన సభ్యులారా, కొందరు మా కంప్యూటర్లలోకి అక్రమంగా చొరబడ్డారు. మీ వ్యక్తిగత వివరాలు బయటివారి చేతికి చేరి ఉండవచ్చు. చింతిస్తున్నాం. కంగారు పడకండి."

కంగారు పడకండి అని రాసి ఉండకపోతే అతను అంత కంగారు పడేవాడు కాదేమో. తన పేరు పోతే పోనీ. కానీ ఆ వర్ణన ఎవరు చదివినా, చదవడం రానివాడికి చదివి వినిపించినా, అది కృపాజ్యోతే అని చెప్పేస్తారు. ఆవిడకి తెలిస్తే? రెండేళ్ళ మౌనమంతా ఎవడో దొంగ వెధవ ఎత్తుకెళ్ళి సంతలో పోసినట్టు అనిపించింది. మంచులో నడిచి వస్తున్న ప్రతి మనిషీ తన రహస్యం చదువుకునే వస్తున్నట్టు కనిపించాడు. సోములు కొట్టు ఎడమ పక్కన ఉంది. జోసఫ్ రాజు హార్మోనియం ఎత్తుకుని కుడి పక్కకి తిరిగాడు. అడ్వొకేట్ గణేశ్వరరావు గారి ఆఫీసు అటు ఉంది.

గణేశ్వరరావు గారి బోర్డు మీద హంస అందరి హంసల కన్నా పెద్దది. ఆ కృతజ్ఞతతో ఆయన వెంటనే లోపలికి పిలిచాడు. హార్మోనియం మూలిగింది. ఆయన ఉలిక్కిపడి, తర్వాత విషయం విని, కుర్చీలో ముందుకి జరిగాడు. పొలం గట్ల కేసులు వాదించీ వాదించీ మొద్దుబారిపోయిన ఆయన కళ్ళలో ఒక్కసారిగా వెలుగొచ్చింది.

"డేటా లీక్! మన నర్సీపట్నంలో! ఓయ్ రాజూ, నీకు ఎన్ని దారులున్నాయో తెలుసా? ముందు కంపెనీకే రాస్తాం. ఫిర్యాదులు వినడానికి వాళ్ళ దగ్గర ఒక అధికారి ఉండాలి. ఏం పోయాయి, ఎలా పోయాయి, ఇప్పుడేం చేస్తున్నారు, చెప్పి తీరాలి. పలక్కపోతే పైన డేటా ప్రొటెక్షన్ బోర్డు. కొత్త చట్టమోయ్, ఇంకా పూర్తిగా అమల్లోకి కూడా రాలేదు, కొత్త చెప్పుల్లా కిర్రుకిర్రుమంటోంది. అది అమలయ్యిందంటే కంపెనీకి కోట్లల్లో జరిమానా!"

"కోట్లు నాకెందుకండీ?"

"నీకు రావులే. సర్కారుకి పోతాయి."

"మరి నాకేటొస్తాదండీ?"

"నీకు పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్ ఉంది. సేవాలోపం, మానసిక వేదన. వేదన ఉందా?"

"సాలా ఉందండీ."

"భేష్! ఎవడైనా నీ వివరాలు పట్టుకుని బెదిరించాడా? లేదా? బెదిరిస్తే చెప్పు, పోలీసు సైబర్ వాళ్ళ దగ్గరికి వెళ్దాం."

జోసఫ్ రాజు చేతులు నలుపుకున్నాడు. "అదంతా సరేనండీ. బయటికెల్లిపోయిన మాటని ఎనక్కి తెచ్చే దారేదైనా ఉందాండీ?"

గణేశ్వరరావు గారు కిటికీలోంచి మంచు వైపు చూశాడు. "కంపెనీ దగ్గర ఉన్నది తుడిపించొచ్చు రాజూ. బయటికెళ్ళినదానికి మాత్రం ఇంకా ఏ చట్టమూ పుట్టలేదు," అని, వెంటనే తేరుకుని, "ఇంతకీ పోయిన వివరాలేంటి? నా దగ్గర చెప్పింది ఈ గడప దాటదు," అన్నాడు.

జోసఫ్ రాజు చెప్పాడు. చెబుతుంటే చెవులు కాలాయి. గణేశ్వరరావు గారు ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాడు. ఉప్మా దగ్గర మాత్రం కొంచెం ఆగి, జీడిపప్పు ముక్కలా, బద్దలా అని అడిగాడు. తర్వాత ఆ కాయితాలు చేతిలో పెట్టి, "కోర్టు దగ్గర వరహాలక్ష్మి చేత టైపు చేయించుకురా. ఈలోగా నేను కంపెనీకి మెయిలు కొడతాను," అన్నాడు.

"ఈ వర్ణనంతా అందులో ఉండాలాండీ?"

"ఏం పోయిందో రాయకపోతే పోయిందని ఎవరు నమ్ముతారోయ్?"

ఆ మాటా నిజమే అనిపించింది జోసఫ్ రాజుకి. ఆ రోజు అతనికి అన్నీ నిజమే అనిపించాయి.

వరహాలక్ష్మి కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద కూర్చుంటుంది. ఆవిడ టైపు చేసిన కాయితంలో తప్పు ఉండదని జడ్జి గారి గుమాస్తా కూడా ఒప్పుకుంటాడు. ఎందుకు ఉండదంటే, ఆవిడ ప్రతి మాటా పైకి చదువుకుంటూ కొడుతుంది. నోరు కదలందే ఆవిడ వేళ్ళు కదలవు. గొంతు కూడా సామాన్యమైనది కాదు. వాయిదాల కోసం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు పొద్దుపోక ఆ షెడ్డు చుట్టూ చేరి, ఎవరి కేసు ఏమిటో వింటూ ఉంటారు. అక్కడ అదొక రివాజు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. జోసఫ్ రాజుకీ తెలుసు. గుర్తు రాలేదు, అంతే.

"హార్మోనియం, వచ్చి, ఉండవలెను, ఫుల్‌స్టాప్," అంది వరహాలక్ష్మి. "నవ్వు, వచ్చినప్పుడు, నవ్వక... ఏటి రాజన్నా ఇది, కేసేనా?"

"అక్కా, కొంచెం మెల్లిగా సదువు."

"మెల్లిగా సదివితే తప్పులొచ్చెస్తాయి. కళ్ళజోడు, పైకి, తోసుకొన, వలెను."

చుట్టూ ఉన్న మూక దగ్గరికి జరిగింది. బలిఘట్టం నుంచి గట్టు తగాదా వాయిదాకి వచ్చిన తాతాజీ అందరికన్నా ముందున్నాడు. కూర్చోడానికి చోటు లేక చుట్టూ చూసి, పక్కనే ఉన్న హార్మోనియం మీద కూర్చోబోయాడు. జోసఫ్ రాజు అడ్డుపడ్డాడు.

"ఏటి బాబూ, ఫోన్లోకి మెసేజీ వస్తే కేసెయ్యొచ్చేటి? నాకు దినామూ వస్తాయి. లోను తీసుకో అంతాడు, ఇన్సూరెన్సంతాడు. నా నంబరు ఆలకెవురిచ్చేరు?" అన్నాడు తాతాజీ.

"నాకూ వస్తన్నాయి," అన్నాడు ఎస్. రాయవరం వాడొకడు.

"లీకైతేనే వస్తాయంట. పరిహారం కూడా ఉందంట. వకీలు గారి కాయితంలో ఉంది," అంది వరహాలక్ష్మి.

అంతే. షెడ్డు కింద కలకలం పుట్టింది. సరిగ్గా అప్పుడే గణేశ్వరరావు గారు కోర్టు పని మీద అటు వచ్చి, అంతమంది బాధితుల్ని చూసి పరవశించిపోయాడు. ఒకే రకం నష్టం జరిగినవాళ్ళు అందరూ కలిసి ఫిర్యాదు వెయ్యొచ్చని వినియోగదారుల చట్టంలో ఉంది. తన జీవితంలో అటువంటి కేసు వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఒక్కక్షణం ఆయన కూడా జోసఫ్ రాజులా కలలు కనే మొహం పెట్టాడు. "అందరి సంతకాలూ తీసుకో వరహాలక్ష్మీ! పైన ఒక వాక్యం చేర్చు!" అని, తమకి ఏమేం లీకైందో ఎవర్నీ అడక్కుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

వరహాలక్ష్మి వాక్యం చేర్చింది. కంపెనీ ఒకటే కనక, బాధితులందరూ అందులో చేరినవాళ్ళే అయి ఉండాలి కదా అని, "పైన వివరించిన లక్షణములు గల వధువును కోరుచు జంటస్వరం నందు నమోదు చేసుకొన్న మేము," అని కొట్టింది. అలవాటు ప్రకారం పైకే చదివింది. ఖర్మకాలి సరిగ్గా అదే సమయానికి తాతాజీ మోకాళ్ళ నొప్పికి తాళలేక హార్మోనియం మీద కూలబడ్డాడు. అది ఎప్పుడూ మూలిగేదాని కన్నా పది రెట్లు మూలిగింది. ఆ మూలుగులో వాక్యం మొత్తం మునిగిపోయింది. మూలుగు ఆగాక అందరూ బారులు తీరి సంతకాలు పెట్టారు. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. తలా ఒక జిరాక్సు పట్టుకుని సంతోషంగా షేర్ ఆటోలు ఎక్కారు.

జోసఫ్ రాజు మాత్రం ఇవేవీ గమనించలేదు. తిత్తికి ఉన్న రూపాయి బిళ్ళంత చిల్లు ఇప్పుడు అరచెయ్యంత అయింది. దాని వైపు చూస్తూ ఉండిపోయాడు. హార్మోనియం పట్టుకుని పరిగెత్తేసరికి సోములు కొట్టుకి తాళం ఉంది. అత్తారింట్లో పెళ్ళంట, సోమవారం గాని రాడంట.

శనివారం పొద్దున్న అతను కొట్టులో ఎవరిదో స్వీట్ల దుకాణం బోర్డుకి హంస మెడ దిద్దుతున్నాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ మనసు తేలిపోతుంది. హంస నీళ్ళ మీద మెల్లగా జరుగుతోంది, నీళ్ళ అవతల గట్టు మీద తెల్లచీర అంచు గాలికి ఎగురుతోంది... గుమ్మం ముందు ఆటో ఆగింది. వెనక ఇంకోటి. వాటిలోంచి ఆడవాళ్ళు దిగారు. ముందు నడుస్తున్నావిడ తాతాజీ భార్య బుల్లమ్మ. చేతిలో జిరాక్సు కాయితం ఉంది.

జరిగింది ఏమంటే, తాతాజీ ఆ కాయితాన్ని గోడకి మేకు కొట్టి మరీ తగిలించాడు. బుల్లమ్మ దాన్ని డ్వాక్రా సంఘం మీటింగుకి తీసుకెళ్ళి లీడరు చేత చదివించింది. మిగతా సంతకాల్లో సగం మంది ఆ సంఘం ఆడవాళ్ళ మొగుళ్ళే.

"ఏటి ఆర్టిస్టు బాబూ!" అంది బుల్లమ్మ. "మా ఆయనికి నర్సు కావాలంట, నిజివేనా? మోకాళ్ళు నొప్పని రాత్రంతా నాసేత పట్టించుకుని, పొద్దుటే పోయి నర్సుని రాయించుకుంతాడా?"

"అయ్యో, అలగ కాదమ్మా..."

"కళ్ళజోడు తోసుకోవాలంట! నాకు కళ్ళజోడే లేదు. కొనమని ఎన్నాళ్ళ బట్టి మొత్తుకుంతన్నాను?"

"జీడిపప్పుప్మా కావాలంట మా ఆయనికి," అంది ఇంకొకావిడ కళ్ళు తుడుచుకుంటూ. "నిరుడు జీడితోటంతా కౌలుకిచ్చీసి, ఇప్పుడు జీడిపప్పంట!"

జోసఫ్ రాజు చేతులు జోడించాడు. తాతాజీ ఏ పాపం ఎరగడని, వాళ్ళెవరూ ఎరగరని, ఆ రాసుకున్నది తనొక్కడేనని, ఒక్కొక్క ఆవిడకీ విడివిడిగా ప్రమాణం చేసి చెప్పాడు. ఆడవాళ్ళు చల్లబడ్డారు. చల్లబడ్డాక వాళ్ళకి అసలు సంగతి మీద ధ్యాస పోయింది.

"అయితే ఇంతకీ ఎవురా నర్సు?" అంది బుల్లమ్మ.

"ఎవురూ లేరమ్మా. ఊరికే ఊహ."

"నాతవరం, హార్మోనియం, కళ్ళజోడు," అని వేళ్ళ మీద ఎంచింది వెనకున్న ఒకావిడ. ఆవిడ పుట్టిల్లు నాతవరం. "ఓలమ్మ! మా జ్యోతమ్మ గారేటి? నా రెండో కాన్పు సేసినావిడే గదా!"

హంస మెడ మీద తెల్లరంగు బొట్టు కింద దాకా కారిపోయింది. ఆడవాళ్ళందరూ అతని వైపు చూశారు. ఆ చూపుల్లో కోపం లేదు. అంతకన్నా ప్రమాదకరమైన ఇష్టం కనిపించింది. బుల్లమ్మ అతని భుజం తట్టి, "బెంగెట్టుకోకు బాబూ, మేవెవురికీ సెప్పం," అంది. ఆటోలు రెండూ వెళ్ళిపోయాయి. చెప్పకుండా ఉంటారని నమ్మడానికి జోసఫ్ రాజు గట్టిగా ప్రయత్నించాడు. వల్లకాలేదు.

ఇక మిగిలింది పాస్టర్ గారొక్కరే. దావీదు పాస్టర్ గారు ప్రశాంతంగా విన్నారు. పేరు చెప్పలేదు గాని జోసఫ్ రాజు మిగతాదంతా చెప్పేశాడు. "చట్టంలో ఎనక్కి తెచ్చే దారి లేదంటండీ. ప్రార్థనలోనైనా ఉంటాదేమోనని వచ్చాను. నా గుట్టు బైటపడకూడదండీ," అన్నాడు.

"తప్పకుండా ప్రార్థన చేద్దాం బ్రదర్," అన్నారు పాస్టర్ గారు ఎంతో ప్రేమగా.

ఆ ప్రార్థన ఎక్కడ, ఎలా చేస్తారో అడగాలని జోసఫ్ రాజుకి తట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ చర్చికే వెళ్తున్నవాడికి తట్టకపోవడం విడ్డూరమే గాని, ఆ వేళకి అతను మరీ అలిసిపోయి ఉన్నాడు.

ఆదివారం వచ్చింది. చర్చి ఎప్పటికన్నా నిండుగా ఉంది. వెనక వరసల్లో బలిఘట్టం ఆడవాళ్ళు బొట్టూ కాటుకా పెట్టుకుని, పూలు ముడుచుకుని, ఏదో చూడ్డానికి వచ్చినట్టు కుదురుగా కూర్చున్నారు. బుల్లమ్మ పక్కన తాతాజీ కూడా ఉన్నాడు, అరెస్టయినవాడిలా. కృపాజ్యోతి వచ్చి హార్మోనియం ముందు కూర్చుని, తిత్తి లాగింది. బుస్‌మని గాలి పోయింది, స్వరం రాలేదు.

"బాగుసేయిస్తానన్నారు," అంది మెల్లగా.

"సోములు ఊరెల్లిపోయాడండీ," అన్నాడు జోసఫ్ రాజు. ఇంక ఏం తోచక, హార్మోనియం వెనక మోకాళ్ళ మీద కూర్చుని తన అరచెయ్యి ఆ చిల్లు మీద గట్టిగా అదిమిపెట్టాడు. ఆవిడ మళ్ళీ లాగింది. ఈసారి స్వరం పలికింది. కొంచెం వణుకుతూ, కానీ నిండుగా.

పాట సాగింది. కిటికీల్లోంచి వెలుగు పడుతోంది. అరచెయ్యి కింద తిత్తి ఊపిరి తీసుకుంటోంది, వదులుతోంది. ఇంతకన్నా దగ్గరగా అతను ఆ పాటని ఎప్పుడూ వినలేదు. కేసులు, కాయితాలు, కంపెనీలు, ఎక్కడో మంచు అవతల మిగిలిపోయాయి. ఈ పాట ఇలాగే సాగిపోతే తాను ఇలాగే మోకాళ్ళ మీద ముసలివాడైపోవచ్చు అనుకున్నాడు. ఏం నష్టం?

పాట చివరి చరణానికి ముందు పాస్టర్ గారు చెయ్యెత్తారు. సన్నగా వాయిస్తూ ఉండమని కృపాజ్యోతికి సైగ చేసి, ప్రతి ఆదివారం లాగే ప్రార్థన మనవులు మైకులో చదవడం మొదలుపెట్టారు. అచ్చియమ్మ గారి షుగరు. ఒకరి వీసా. ఇంకొకరి బోరుబావి.

"మన బ్రదర్ జోసఫ్ రాజు గారి మనవి. ఆయన మనసులో ఒక సహోదరి ఉన్నారు. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని ఆయన భారం. సహోదరి నర్సుగా సేవ చేస్తున్నారు, హార్మోనియం వాయిస్తారు. ఈ గుట్టు బయటపడకుండా ఉండేలా సంఘమంతా ఏకమనస్సుతో ప్రార్థన చేద్దాం."

జోసఫ్ రాజుకి భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళడానికి లేదు. చెయ్యి తీస్తే హార్మోనియం ఆగిపోతుంది. తలొంచుకుని, కళ్ళు మూసుకుని, చిల్లుని ఇంకా గట్టిగా అదిమాడు. వింతేమిటంటే హార్మోనియం ఆగలేదు. తిత్తి లాగే చెయ్యి ఒక్కసారి కూడా లయ తప్పలేదు.

ఆరాధన అయ్యేసరికి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి గణేశ్వరరావు గారు నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోన్ ఉంది. మొహం వేలాడిపోయింది.

"రాజూ, కంపెనీ అధికారి జవాబిచ్చాడోయ్. ఆదివారం కూడా పనిచేస్తున్నారు, అదే ఆశ్చర్యం. నీ వివరాలు లీకు కాలేదు. కావడానికి అసలు వాళ్ళకి చేరితే కదా? చివర్లో 'పంపించు' నువ్వు నొక్కనే లేదంట. వాళ్ళ దగ్గరున్నది నీ ఫోన్ నంబరొక్కటే. ఉత్తుత్తి ఫిర్యాదులు వేస్తే జరిమానా ఫిర్యాదు చేసినవాడికే పడేలా కొత్త చట్టంలో ఉంది. నేను కాయితాలు వెనక్కి తీసేసుకుంటున్నాను."

వాన, కిటికీ, మాడిన అన్నం. అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి జోసఫ్ రాజుకి. నొక్కలేదు. నిజమే, నొక్కలేదు. ఏ దొంగా తన రహస్యాన్ని ముట్టుకోలేదు. వకీలుకీ, టైపిస్టుకీ, కోర్టుకీ, డ్వాక్రా సంఘానికీ, దేవుడికీ తానే స్వయంగా మోసుకెళ్ళి అందించి వచ్చాడు, హార్మోనియంతో సహా.

కృపాజ్యోతి లేచింది. చర్చిలో ఒక్కరూ కదల్లేదు. ఇంటికెళ్ళాల్సిన వాళ్ళు కూడా పాటల పుస్తకాలు సర్దుకుంటూ ఉండిపోయారు.

"వకీలు గారూ, కంపెనీ సంగతి సరేనండీ. ఆ కాయితం నిన్న సాయంత్రం బుల్లమ్మ గారు తెచ్చి సూపించేరు. అందులో ఉన్నవన్నీ నా వివరాలు. నన్నొక మాటడక్కుండా రాసేరు, ఊరంతా సదివేరు. మరి నాకేటి హక్కులున్నాయండీ?"

వేలాడిన మొహం టక్కున లేచింది. "చాలా ఉన్నాయమ్మా! సొంతానికి రాసుకున్నదానికి ఈ చట్టం వర్తించదని అవతలివాళ్ళు వాదిస్తారు. ఊరంతా పాకాక ఇంకా సొంతమేమిటని మనం వాదిస్తాం. మీ గురించి ఏం రాశారో మొత్తం చెప్పమని అడగొచ్చు. తప్పులుంటే దిద్దమనొచ్చు. అసలు వద్దనుకుంటే నామరూపాల్లేకుండా తుడిపించెయ్యొచ్చు."

"తుడిపేస్తానండీ," అన్నాడు జోసఫ్ రాజు, ఇంకా మోకాళ్ళ మీదే ఉండి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీకు ఇబ్బంది తెచ్చాను. నా ఫోన్లోదీ, కాయితంలోదీ, అన్నీ తుడిపేస్తాను. వచ్చే ఆదివారం నుంచి నేను ఇటు..."

"మీరుండండి రాజుగారూ," అందావిడ. తర్వాత కళ్ళజోడు మెల్లగా పైకి తోసుకుంది.

ఆ సైగకి అర్థం తెలిసినవాడు మొన్నటిదాకా లోకంలో అతనొక్కడే. ఇప్పుడు బలిఘట్టం, నాతవరం, ఎస్. రాయవరం, కోర్టు షెడ్డు, అందరికీ తెలుసు. వెనక వరసల్లో బుల్లమ్మ పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది. "నవ్వుతన్నాది! నవ్వుతన్నాది సూడు!"

"తుడపక్కర్లేదు," అంది కృపాజ్యోతి. "తప్పులు దిద్దితే సాలు. నా వయసు నలభై నాలుగు కాదు, నలభై ఆరు. చీర అంచు ఆకుపచ్చ కాదు, నీలం. ఆర్టిస్టు అయ్యుండి అదేటండీ? ఉప్మా నాకు రాదు. పిక్నిక్‌లో సేసింది అచ్చియమ్మ గారు. ఇవి బేగి దిద్దుకుని, ఎవురిసేతా టైపు సేయించకుండా, మీరే నాకొచ్చి సదివి వినిపించండి."

జోసఫ్ రాజు లేవబోయి, హార్మోనియాన్ని ఆసరాగా పట్టుకున్నాడు. అది సంతోషంగానే మూలిగింది. ఉప్మా చెయ్యడం తను నేర్చుకుంటానని ఎలాగో చెప్పగలిగాడు.

"మరి మా ఆయన పేరో?" అంది బుల్లమ్మ వెనక నుంచి.

"అది మాత్రం తుడిపించేద్దామమ్మా," అన్నాడు గణేశ్వరరావు గారు.

వేసవికి ముందే పెళ్ళయింది. చిల్లు మూసిన హార్మోనియం పెళ్ళిలో మళ్ళీ మోగింది. ఫిర్యాదు ఎలా ముగిసిందో తెలియజేయమని కంపెనీ అధికారి ఎంతో మర్యాదగా రాస్తే, ఎంత మంచివాడో పాపం అని జోసఫ్ రాజు జవాబుతో పాటు పెళ్ళి ఫోటో ఒకటి జతచేసి, ఈసారి మాత్రం మరచిపోకుండా 'పంపించు' నొక్కాడు. నెల తిరక్కుండా జంటస్వరం వాళ్ళు ఆ ఫోటోని 'మేము కలిపిన జంటలు' అన్న పేజీలో పేర్లతో, ఊరితో సహా వేసుకున్నారు. అనుమతి మాత్రం అడగలేదు.